ఆకృతి నిర్ధారణ కాని కోడిగుడ్డు

కోడిగుడ్డు ఏ ఆకారంలో ఉంటుందో మీరెప్పుడైనా ఆలోచించారా? లేదంటే మీరు అదృష్టవంతులు. మా జిల్లాలో ఆలోచించారు. ఆ ఆలోచన ఒక కొలిక్కి వచ్చేదాకా మా పెదమెరక బడి పిల్లలు గుడ్డు లేని అన్నం తిన్నారు. కోడిగుడ్డుకు ఈకలు పీకడమనేది ఉత్త సామెత అని అంతవరకూ నా నమ్మకం. ఆ పనికోసం ఒక కార్యాలయం, ఒక కమిటీ, ఒక జీపు ఏర్పాటు చెయ్యొచ్చని నాకప్పుడే తెలిసింది.

నా పేరు వీరాచారి. ఆ బడిలో లెక్కలు చెబుతాను. ఊరికి నాలుగు పక్కలా రొయ్యల చెరువులు, మధ్యలో మిట్ట మీద బడి. చెరువుల మీద కూలికి పోయేవాళ్ల పిల్లలే మా పిల్లలు. తెల్లారకముందే తల్లులు పనికి పోతారు కాబట్టి చాలామంది కాస్త టీనీళ్లు తాగి బడికొచ్చేస్తారు. సోమ, బుధ, శుక్రవారాలు మధ్యాహ్న భోజనంలో ఉడికించిన గుడ్డు పెడతారు. ఆ మూడు రోజులూ హాజరు పిలవక్కర్లేదు, అందరూ ఉంటారు. మిగతా రోజుల్లో లెక్కల మీద ప్రేమ ఉన్నవాళ్లు వస్తారు. ఎంతమందో మీరే ఊహించుకోండి.

దీనికంతటికీ మూలం ఒక పెట్టె. మా జిల్లాలో చదువులకు పెద్ద దిక్కైన అధికారి ఒకాయన ఉన్నారు. అందరూ ఆయన్ని పెద్దసారు అంటారు, నేనూ అలాగే అంటాను. ఆయన ఒకరోజు ఏదో బడికి తనిఖీకి వెళ్లి, మూడో తరగతి పిల్లను పిలిచి బోర్డు మీద ఒక పెట్టె బొమ్మ గీయమన్నారు. ఆ పిల్ల చక్కగా నాలుగు గీతలు గీసింది. పొడవుంది, వెడల్పుంది, మరి దీని లోతేదమ్మా అని పెద్దసారు అడిగారు. ఆ పిల్ల ఒక్క క్షణం ఆలోచించి, "మూత వేసుందండి" అంది.

ఇంకొకరైతే నవ్వి, పిల్ల బుగ్గ పుణికి, టీ తాగి వెళ్లిపోయేవారు. పెద్దసారు నవ్వలేదు. దారిపొడుగునా కారులో దిగులుగా కూర్చున్నారని డ్రైవరు తరవాత ఎవరితోనో చెప్పాడట. వారం తిరక్కుండా బడులన్నిటికీ ఉత్తర్వు వచ్చింది. "జిల్లా బాలబాలికల యందు లోతు కొరవడినట్లు గమనించడమైనది. పొడవు వెడల్పులతో తృప్తి చెందు ధోరణిని విడనాడి, మూడవ కొలత దిశగా విద్యార్థులను నడిపించవలసినదిగా ఇందుమూలముగా ఆదేశించడమైనది" అని మొదలైంది అది. దాని పేరు త్రిమితీయ చైతన్య మహోద్యమం.

నిజం చెప్పొద్దూ, నాకు సంతోషమేసింది. ఘనాకృతుల పాఠమంటే నాకు మొదటినుంచీ ఇష్టం. దానికి పుస్తకం అక్కర్లేదు, ఇల్లు చాలు. పిల్లల్ని ఇంటినుంచి తలా ఒక వస్తువు తెమ్మంటాను. ఒకడు అగ్గిపెట్టె తెస్తాడు, అది దీర్ఘఘనం. ఒకడు పాచిక తెస్తాడు, అది సమఘనం, ఎటు తిప్పినా ఒకే చదరం. పౌడరు డబ్బా స్థూపం, కిరోసిను పోసే గరాటు శంకువు, రబ్బరు బంతి గోళం. అన్నీ పిల్లల చేతుల్లో పెట్టి, కళ్లు మూసుకుని తడమమంటాను. బల్లపరుపు తలాలెన్ని, అంచులెన్ని, మూలలెన్ని అని వేళ్లతో లెక్కపెడతారు. బంతి దగ్గరికొచ్చేసరికి లెక్కపెట్టడానికి ఒక్క అంచు దొరకదు, అప్పుడు వాళ్ల ముఖాలు చూడాలి.

ఐదో తరగతిలో సత్యవేణి అని ఒక పిల్ల ఉంది. దానికి కన్ను చురుకు, నోరు ఇంకా చురుకు. ఆ ఏడాది నేను సుద్దముక్క ఎత్తి చూపించి ఇది స్థూపం అన్నానో లేదో, చెయ్యి ఎత్తింది. "కాదండి మాస్టారూ. ఈ కొస సన్నంగా ఉందండి" అంది. దగ్గరికి తెచ్చుకుని చూస్తే నిజమే, ఒక కొస రవ్వంత సన్నం. ఇన్నేళ్లుగా రోజూ పట్టుకుంటున్న సుద్దముక్కను నేనెప్పుడూ అంత శ్రద్ధగా చూడలేదు. ఆ సాయంత్రం ఇంటికెళ్లి మా ఆవిడకు ఈ సంగతి రెండుసార్లు చెప్పాను.

ఉద్యమం అక్కడితో ఆగి ఉంటే ఎంత బాగుండేది. కానీ ఉత్తర్వు వెనకాలే స్టిక్కర్లు వచ్చాయి. సమఘనానికి ఎరుపు, దీర్ఘఘనానికి నీలం, స్థూపానికి ఆకుపచ్చ, శంకువుకు పసుపు, గోళానికి తెలుపు. బడిలో ఉన్న ప్రతి వస్తువుకూ దాని ఆకృతిని బట్టి స్టిక్కరు అంటించాలి. ఒక వస్తువు, ఒక ఆకృతి, ఒక స్టిక్కరు. నెలాఖరు తరవాత స్టిక్కరు లేని వస్తువేదీ బడి ఆవరణలో ఉండరాదు.

మా హెడ్ మిస్ట్రెస్ బేబీ సరోజిని గారు ఉత్తర్వులతో పేచీ పెట్టుకునే మనిషి కాదు. "చేసేద్దాం మాస్టారూ. అంటించమంటే అంటిద్దాం, పీకమంటే పీకుదాం. పిల్లల కంచం జోలికి రానంతవరకూ మనకేం" అన్నారు.

అంటించాం. బెంచీలకు, బీరువాకు, డస్టరుకు నీలం. జెండా కర్రకు ఆకుపచ్చ. బియ్యం బస్తా దగ్గర కాసేపు ఆగాల్సి వచ్చింది, ఎందుకంటే అది నిలబెడితే ఒకలా, పడుకోబెడితే ఒకలా ఉంటుంది. చీపురు శంకువు కింద లెక్క అని తేల్చాం. సాంబారు సంగతి పైకి రాసి అడిగితే, ద్రవ పదార్థములు తమ పాత్ర యొక్క ఆకృతిని పొందునని జవాబొచ్చింది కాబట్టి గిన్నెకు ఆకుపచ్చ అంటించాం. వంకాయలను మాత్రం మా వంటమనిషి నూకరత్నం ఎవరూ చూడకముందే తరిగేసింది. మనుషుల విషయం పరిశీలనలో ఉన్నదని, తుది నిర్ణయం వెలువడు వరకు సిబ్బందికి మినహాయింపు ఇవ్వడమైనదని చివరి పేజీలో ఉంది. అయినా మా డ్రిల్లు మాస్టారు ముందుజాగ్రత్తగా జేబు మీద ఒక ఆకుపచ్చది అంటించుకుని తిరిగాడు.

ఇవన్నీ తనిఖీ చెయ్యడానికి మండలానికొక ఆకృతి సమన్వయాధికారిని వేశారు. మాకు వచ్చినాయన దక్షిణామూర్తి గారు. అంతకు ముందేడు చేతులు కడుక్కునే ఉద్యమానికి, అంతకు ముందేడు చిరునవ్వు ఉద్యమానికి ఆయనే సమన్వయాధికారి. మంచివాడే. ఏ ఉద్యమం చేతికిస్తే దాన్ని కన్నబిడ్డలా సాకుతాడు, పై ఏడు దాని పేరు కూడా మరిచిపోతాడు.

ఆయన వచ్చింది సోమవారం, సరిగ్గా భోజనాల వేళకు. పిల్లలు వరండాలో బారులు తీరి కూర్చున్నారు. నూకరత్నం గుడ్లు ఒలిచి బేసిను నిండా పెట్టుకుని వడ్డనకు సిద్ధంగా ఉంది. గుడ్ల తరఫున బేసినుకు తెల్ల స్టిక్కరు ఉంది, సరోజిని గారే అంటించారు. దక్షిణామూర్తి గారు ఆ స్టిక్కరు వంక చూసి ఆగిపోయారు. గుడ్డు గోళమని ఎవరు నిర్ధారించారని అడిగారు. గుండ్రంగానే ఉంది కదండీ అన్నారు సరోజిని గారు. పోనీ బేసినులో ఉంది కాబట్టి బేసిను ఆకారం అనుకుందామంటే, ఆ వెసులుబాటు ద్రవాలకే గానీ ఘన పదార్థాలకు వర్తించదని ఆయన చెప్పారు.

తరవాత ఆయన చేసిన పని నేను నా కళ్లతో చూశాను. పిల్లల రబ్బరు బంతి ఒకటి తెప్పించి బల్ల మీద దొర్లించారు. అది తిన్నగా వెళ్లి అవతలి అంచున పడింది. ఇప్పుడు ఒలవని గుడ్డు ఒకటి తీసుకుని అలాగే దొర్లించారు. అది కాస్త దూరం వెళ్లి, పక్కకు ఒరిగి, వంపు తిరిగి మళ్లీ ఆయన దగ్గరికే వచ్చింది. ఆయన మళ్లీ దొర్లించారు. మళ్లీ వచ్చింది. పిల్లలు అన్నం సంగతి మరిచిపోయి మెడలు సాచి చూస్తున్నారు.

"గోళమునకు ఉండవలసిన నడవడిక దీనికి లేదు" అన్నారాయన.

శంకువు కూడా కాదు, మొన లేదు. స్థూపం కాదు, నిలబడదు. ఎరుపు, నీలం సంగతి సరేసరి. ఐదింటిలో దేనికీ చెందని వస్తువు, స్టిక్కరుకు అర్హత లేని వస్తువు, బడిలో ఉండటానికి వీల్లేదు. బడిలో ఉండటానికే వీల్లేనిది కంచంలో ఎలా ఉంటుంది? సరోజిని గారు ఈ ఒక్కపూటకు పెట్టనివ్వండి సార్, ఉడికించేశాం, పిల్లలు చూశారు కూడా అని బతిమాలారు. ఆయన కళ్లలోనూ జాలి కనపడింది. కానీ ఆకృతి నిర్ధారణ కాని పదార్థాన్ని పంపిణీ చేస్తే రేపు తననే అడుగుతారన్నారు. బేసినుకు తువ్వాలు కట్టించి, ముడి మీద లక్క సీలు వేయించి, సాక్ష్యం నిమిత్తం నా తరగతి గది పక్క గదిలో పెట్టించి తాళం వేయించారు. ఆ రోజు పిల్లలు సాంబారన్నం తిని లేచారు. ఏ ఒక్కరూ ఏడవలేదు గానీ, కంచాలు కడిగే దగ్గర రోజూ ఉండే గోల లేదు.

నాలుగో రోజుకల్లా ఆ గుడ్ల ఆకారం ఏదైనా వాటి వాసన మాత్రం నిర్ధారణ అయిపోయింది. నేను పాఠం వేపచెట్టు కిందికి మార్చాను. సీలు తీయడానికి అనుమతి కోసం రాశాం. ఆ అనుమతి వచ్చేసరికి ఊళ్లో కుక్కలు కూడా మా బడి దారి మానుకున్నాయి.

పిల్లల పోషణకు లోటు రాకూడదని పైవాళ్లు వెంటనే ప్రత్యామ్నాయం పంపారు, ఆ మాట చెప్పుకోవాలి. గుడ్డు స్థానంలో తలా ఒక రస్కు. ఆకృతిరీత్యా రస్కుకు ఏ లోపమూ లేదు, అచ్చమైన దీర్ఘఘనం. కాకపోతే అది ఎన్నాళ్ల కిందటి దీర్ఘఘనమో తెలియదు. రెండో తరగతి పిల్లవాడికి ఎలాగూ ఊడాల్సిన పన్ను ఒకటి ఆ రోజే ఊడింది. తెలివైనవాళ్లు సాంబారులో నానబెట్టుకు తిన్నారు. దానిమీద కూడా దక్షిణామూర్తి గారు ఒక వ్యాఖ్య రాసుకున్నారు, తడిసిన మీదట అంచులు నశించుచున్నవని.

రెండో వారానికి సోమవారం కూడా మంగళవారంలా తయారైంది. బెంచీల్లో సగం ఖాళీ. కొందరు తల్లులతో చెరువుల మీదికి వెళ్లిపోతున్నారని తెలిసింది. అక్కడ రొయ్యల తలలు తీసినందుకు మధ్యాహ్నం ఏదో ఒకటి పెడతారు, దాని ఆకారం ఎవరూ అడగరు. సరోజిని గారు సాయంత్రాలు ఇళ్లకు తిరిగి, రండర్రా, గుడ్డు వచ్చేస్తుంది అని చెప్పి వచ్చేవారు. ఎప్పుడొస్తుంది టీచర్ అని ఒక తల్లి అడిగిందని నాతో అన్నారు. నాకు కోపమొచ్చింది. ఎవరి మీద అని అడిగితే చెప్పలేను. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు, ఇక్కడ పూజారి కూడా ఇద్దామనే అంటున్నాడు, స్టిక్కరే ఒప్పుకోవడం లేదు.

అప్పటికి ఇలాంటి కబుర్లు జిల్లా అంతటా వినపడుతుండటంతో కోడిగుడ్డు ఆకృతి నిర్ధారణ కమిటీ వేశారు. అందులో ఒక ఇంజనీరు, ఒక పశువుల డాక్టరు, ఒక భాషా పండితుడు ఉన్నారు. మొదట అభ్యంతరం వచ్చిన బడి మాదే కాబట్టి కమిటీ మా బడికే వచ్చింది. లెక్కల మాస్టారు కదా అని నన్నూ ఒక మూల కుర్చీలో కూర్చోబెట్టారు, మాట్లాడమని మాత్రం అనలేదు.

భాషా పండితుడు పెద్దాయన. ఆయన మొదటే చాలా సులువైన మాట చెప్పారు. ఐదు ఆకృతులకు తోడు అండాకృతి అని ఆరోది చేర్చేస్తే సరిపోతుంది కదా అన్నారు. అంతలో దక్షిణామూర్తి గారు గొంతు సవరించుకుని, స్టిక్కర్ల టెండరు ఐదు రంగులకే పిలిచారని, ఆరో రంగు కావాలంటే వచ్చే ఆర్థిక సంవత్సరం దాకా ఆగాలని మనవి చేశారు. పెద్దాయన తలూపి, ఆ తరవాత సమావేశం అయ్యేవరకూ వక్కపలుకులు నములుతూ కూర్చున్నారు.

ఇంజనీరు గారు గుడ్డును ఈ చివరనుంచి ఆ చివరకు పరిశీలించి, లావు సగం అర్ధగోళమనీ సన్నం సగం మొన అరిగిన శంకువనీ తేల్చారు. అంటే రెండు స్టిక్కర్లు. ఒక వస్తువుకు ఒకటే స్టిక్కరన్న నియమం అడ్డొచ్చింది కాబట్టి, గుడ్డును అడ్డంగా కోసి సోమవారం లావు సగం, బుధవారం సన్నం సగం పెడితే ఎలా ఉంటుందని ఆయన సూచించారు. నూకరత్నం ఇవతలనుంచి, అట్టు పోసి పెడితే పల్చటి బిళ్లలా ఉంటుంది కదండీ, ఏదో ఒకటి అంటుకోదా అంది. అట్టు ఎత్తు తక్కువైన స్థూపమే అవుతుందని ఇంజనీరు గారు ఒప్పుకున్నారు కూడా. కానీ భోజన పట్టికలో ఉడికించిన గుడ్డు అని ఉంది. పట్టిక వేరే శాఖది. పశువుల డాక్టరు గారు సమస్యను మూలంలోనే సరిదిద్దాలన్నారు. గుండ్రటి గుడ్లు పెట్టే కోళ్లను వృద్ధి చేయడానికి మూడేళ్ల పథకం ఒకటి రాసిస్తానన్నారు. ఈ మూడేళ్లూ పిల్లలేం తింటారని సరోజిని గారు అడిగితే, ఆ ప్రశ్న తమ పరిధిలోకి రాదన్నారు.

చివరికి నెగ్గింది అచ్చు. ఉడికించిన గుడ్డును వేడి మీదే ఒలిచి, కొయ్యతో చేసిన నాలుగు పలకల అచ్చులో పెట్టి పైనుంచి బిగిస్తే సమఘనమై బయటికొస్తుందని ఇంజనీరు గారు ఎక్కడో చూశారట. వారంలో అచ్చులు వచ్చాయి. ప్రయోగం మా బడి వరండాలోనే. పిల్లలను దూరంగా నిలబెట్టారు. నూకరత్నం చేతులు ఊదుకుంటూ ఒలుస్తుంటే, దక్షిణామూర్తి గారు స్వయంగా మరలు బిగించారు. మొదటి గుడ్డు అచ్చు సందులోంచి చిమ్మి ఆయన చొక్కా మీద పడింది. రెండోది సొన ఒక పక్కకు, తెల్లది ఒక పక్కకు విడిపోయింది. మూడోది మాత్రం బయటికొచ్చింది. అరిగిపోయిన సబ్బుబిళ్లలా ఉన్నా నాలుగు పక్కలూ ఉన్నాయి. పిల్లలు చప్పట్లు కొట్టారు, ఇక పెడతారనుకుని.

ఇంజనీరు గారు మూలమట్టం పెట్టి చూశారు. మూలలు గుండ్రంగా ఉన్నాయి. సమఘనానికి మూలలు నిక్కచ్చిగా ఉండాలి, ఇది కాదు. అయినా ఒకసారి ఎర్ర స్టిక్కరు అంటించి చూద్దామన్నారు దక్షిణామూర్తి గారు. తడి గుడ్డుకు అది అంటుకోలేదు, జారి నేలమీద పడింది. ఆ గుడ్డు ఏమైందో ఎవరూ రాసుకోలేదు. నాకు తెలుసు. కమిటీ జీపెక్కుతుండగా సరోజిని గారు దాన్ని నాలుగు ముక్కలు చేసి దగ్గరున్న నలుగురి చేతుల్లో పెట్టేశారు.

ఇది జరిగిన కొన్నాళ్లకు పెద్దసారు సంతకంతో అసలు నిర్ణయం వచ్చింది. అది చదువుతూ సరోజిని గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. "కోడిగుడ్డు వాస్తవ ఆకృతితో నిమిత్తము లేకుండా, పరిపాలనా సౌలభ్యము దృష్ట్యా దానిని గోళముగా పరిగణించవలెను" అని ఉంది అందులో. తెల్ల స్టిక్కరు. గుడ్లు మళ్లీ వస్తాయి. ఆవిడ కళ్లు తుడుచుకుని ప్రభువుకు స్తోత్రం అన్నారు. నేను రెండో పేరా చదివాను. పరిగణన పిల్లల్లో వేళ్లూనినదీ లేనిదీ పెద్దసారు స్వయంగా వచ్చి పరీక్షిస్తారు. విద్యార్థులు గుడ్డును గోళముగా గుర్తించని పక్షంలో ఉత్తర్వు రద్దయి, విషయం రాష్ట్రస్థాయి కమిటీకి వెళుతుంది. రాష్ట్రస్థాయి కమిటీ అంటే ఎన్నాళ్లో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఇప్పుడు పాఠం చెప్పాల్సింది నేను. ఐదో తరగతిలోకి వెళ్లి, బోర్డు మీద గోళం అని రాసి, దానికింద బంతి, లడ్డు, గోలీ అని రాసి, నాలుగోది రాయకుండా ఆగిపోయాను. వెనక్కి తిరక్కుండానే తెలిసింది సత్యవేణి చెయ్యి ఎత్తి ఉంటుందని.

"గుడ్డు గోళమని దక్షిణామూర్తి సారు చెబుతున్నారండి. కాదు కదండీ మాస్టారూ? బంతిని ఎటు చూసినా ఒక్కలాగే ఉంటది. గుడ్డు అలా ఉండదు కదండీ."

కాదమ్మా అన్నాను. ఇంకేమనను? లెక్క తెలిసినవాడు ఆ ప్రశ్నకు ఇంకో జవాబు చెప్పలేడు. కానీ ఆ పిల్ల తమ్ముడు రెండో తరగతిలో ఉన్నాడు, రెండే గుండీలు మిగిలిన చొక్కాతో రోజూ ముందు వరసలో కూర్చుంటాడు, రస్కు తినలేడు. అదీ నాకు తెలుసు. ఎవరైనా అడిగితే నీకు తోచింది చెప్పు అని మాత్రం అన్నాను. ఆ జవాబు నాకే నచ్చలేదు.

సరోజిని గారితో చెబితే ఆవిడ తల పట్టుకున్నారు. తనిఖీ రోజున సత్యవేణిని ఇంటి దగ్గరే ఉండమందామా అన్నారు. కాసేపటికి తనే, వద్దులెండి, బాగా చదివే పిల్లను దాచిపెట్టుకోవడం ఏం బడి మాస్టారూ అన్నారు. పోనీ వెనక బెంచీలో కూర్చోబెడదామని ఒప్పందానికొచ్చాం. గుడ్ల లారీ మాత్రం ఉత్తర్వు ప్రకారం ముందుగానే వచ్చింది. తనిఖీ రోజు పొద్దున నూకరత్నం ఉడికించి పెట్టుకుంది గానీ, పెద్దసారు తేల్చేవరకూ పెట్టడానికి లేదు.

పెద్దసారు వచ్చారు. వెనకాల దక్షిణామూర్తి గారు, ఇంజనీరు గారు, ఫొటోలు తీసే అబ్బాయి. తరగతిలో పిల్లలు చేతులు కట్టుకుని కూర్చున్నారు. వంటగది కిటికీలోంచి వచ్చే వాసనకు ఒకడు గుటక వేయడం నాకు వినపడింది. తనిఖీలు చేసి చేసి ముదిరిన మనిషికి ముందు బెంచీల మీద నమ్మకం ఉండదు కదా. ఆయన తిన్నగా వెనకదాకా నడిచి, సత్యవేణి ముందు ఆగారు. జేబు రుమాలులోంచి ఉడికించిన గుడ్డు తీసి, రెండు వేళ్ల మధ్య పట్టుకుని చూపించారు.

"ఇది ఏ ఆకృతి అమ్మా?"

సత్యవేణి లేచి నిలబడింది. గుడ్డును చూసింది. కిటికీ వైపు చూసింది. నా వైపు చూస్తుందేమోనని నేను గోడకేసి చూశాను. సరోజిని గారు గుమ్మం దగ్గర చీర కొంగు గుప్పిట్లో నలుపుతున్నారు.

"మీరు పెడతానంటే గోళమేనండి" అంది.

పెద్దసారు కనుబొమలు పైకి లేచాయి. "పెట్టకపోతే?"

"పెట్టకపోతే కోడిగుడ్డేనండి."

దక్షిణామూర్తి గారు చేతిలో కాగితాలు ఎదరా వెనకా చేసుకుంటున్నారు. పెద్దసారు ఆ గుడ్డును ఒకసారి నిలువుగా, ఒకసారి అడ్డంగా తిప్పి చూసుకున్నారు. ఆయన దాన్ని చూడటం అదే మొదటిసారేమో అనిపించింది నాకు. తరవాత దాన్ని సత్యవేణి చేతిలో పెట్టి బయటికి నడిచారు. వరండాలో ఆగి, పిల్లలకు వడ్డించమన్నారు. నివేదికలో మాత్రం, విద్యార్థులు మూడవ కొలతను సంతృప్తికరముగా గ్రహించిరి అని రాశారని దక్షిణామూర్తి గారు పదిరోజుల తరవాత చెప్పారు. అప్పటికి ఆయన చేతిలో వేరే ఉద్యమం ఉంది, పిల్లల్ని నిటారుగా కూర్చోబెట్టేది.

ఆ రోజు వరండాలో గోల మామూలుగానే ఉంది. సత్యవేణి తన చేతిలోది తమ్ముడి కంచంలో వేసి, వడ్డనలో వచ్చింది తను తింది. సరోజిని గారు బారుల మధ్య తిరుగుతూ ఇంకో గరిటె, ఇంకో గరిటె అంటున్నారు. నేనూ సంతోషంగానే ఉన్నాను. కానీ ఒక సంగతి మాత్రం నాకు నచ్చలేదు. ఐదో తరగతి పిల్లకు లెక్క తప్పు కాదు, లోకం తప్పని నేను చెప్పకుండానే తెలిసిపోయింది. ఆ వయసులో తెలియాల్సిన సంగతి కాదది.

మర్నాడు పాఠానికి మా పెరట్లో కాసిన నిమ్మకాయ ఒకటి పట్టుకెళ్లాను. ఎత్తి చూపించి ఇది ఏ ఆకారమర్రా అని అడిగాను. తరగతి మొత్తం గోళం, గోళం అని అరిచింది. సత్యవేణి అరవలేదు. చెయ్యి ఎత్తింది.

"ఇది మనకి పెడతారాండీ మాస్టారూ?"

లేదమ్మా, మా ఇంట్లో పచ్చడికి అన్నాను.

"అయితే గోళం కాదండి. అటూ ఇటూ ముక్కులున్నాయి చూడండి."

చూశాను. నిజంగానే ఉన్నాయి. నాకు ప్రాణం లేచొచ్చింది. ఇలా రా, వచ్చి బోర్డు మీద గీసి చూపించు అని సుద్దముక్క దాని చేతికిచ్చాను.